ఇస్త్రీ బల్ల మీద స్టేషను

మా పక్కింటి పెద్దాయన కారు కొంటానంటే తోడు వెళ్ళాను. ఇంజను చూడలేదు, మైలేజీ అడగలేదు. జేబులోంచి టేపు తీసి డిక్కీ కొలిచారు. "అంగుళం తక్కువుంది" అని బయటికొచ్చేశారు. అమ్మేవాడు తెల్లమొహం వేశాడు. నేనూ వేశాను, ఇంగ్లండు వచ్చి అప్పటికి ఏడాదే మరి.

ఈ దేశంలో ఇదో జాతి. బొమ్మ రైళ్ళవాళ్ళు అంటే ఊరుకోరు, మోడల్ రైల్వే అనాలి. 1963లో బీచింగ్ అనే దొర నివేదిక రాసి 2,363 స్టేషన్లు మూసెయ్యమన్నాడు. వాటిలో ఒకదాన్ని మా పెద్దాయన మళ్ళీ తెరిచారు. కాకపోతే 76వ వంతు సైజులో, నాలుగడుగుల చెక్క మీద.

కట్టడానికి రెండేళ్ళు పట్టింది. అందులో సగం కాలం దాన్ని ప్రదర్శనకు మోసుకెళ్ళడం ఎలాగన్న ఆలోచనకే పోయింది. స్టేషను రెండు ముక్కలు. ఒకదాని మీద ఇంకోదాన్ని ముఖాముఖి బోర్లించి, కొసలకు ప్లైవుడ్ బిగిస్తే పెట్టె అవుతుంది. డిక్కీ కొలిచింది దీనికోసమే. చెట్లు, ప్లాట్‌ఫారం, పోర్టరు అన్నీ లోపలే. అంటే సగం ఊరు తలకిందులుగా ప్రయాణిస్తుంది. అందుకని ప్రతి ముక్కనీ బోర్లించి, ఊపి, చెవి పెట్టి వింటారు. ఓసారి "గొర్రె రాలింది" అన్నారు, ఇంట్లో చావు కబురు చెప్పినట్టు. ముక్కలు కలిసేచోట పట్టాలు వెంట్రుకవాసి జరిగినా రైలు పడిపోతుంది. అక్కడ ఇత్తడి పిన్నులు దించి, పట్టాల కొసలను ఇత్తడి స్క్రూలకు టంకం పెట్టారు. ఇంజన్లకు వేరే వైభోగం: టిష్యూ చుట్టి, స్పాంజి అరలు చేసిన బాక్సు ఫైళ్ళలో పడక.

మా అమ్మ ఆవకాయ సీసాకి చుట్టి పంపిన కవర్లు, టేపు చూసిన రోజున ఆయనకు నా మీద గురి కుదిరింది. మర్నాటి నుంచి నేను రెండో కొస పట్టుకునే మనిషిని.

ప్రదర్శన 60 మైళ్ళ దూరంలో. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా కారు నిలబడి, దణ్ణం పెట్టుకుని, పాకింది. వెనకవాళ్ళ హారన్లు సరేసరి. ఒళ్ళో సిగ్నల్ క్యాబిన్ పెట్టుకుని కూర్చున్న వాళ్ళావిడ నా వైపు తిరిగి, "నిండు నెలలప్పుడు నన్ను ఇంత మెల్లగా తీసుకెళ్ళలేదు" అన్నారు.

స్టాండు ఏదనుకున్నారు? ఆవిడ ఇస్త్రీ బల్ల. ఎత్తు సరిపోతుంది, మడిస్తే డిక్కీలో పడుతుంది. ఆ రోజు పెద్దాయన చొక్కా చూసినవాళ్ళకి సంగతి తెలిసే ఉంటుంది.

ఆ పట్టాల మీద ఆడే ఆట పేరు ఇంగిల్‌నుక్. ఎనిమిది వ్యాగన్లలో చీటీలో వచ్చిన ఐదింటిని చెప్పిన వరుసలో ఇంజనుకు తగిలించాలి. 6,720 రకాల వరుసలున్నాయి. "గుండ్రంగా తిరగదా?" అన్నాడో కుర్రాడు. పెద్దాయన వాణ్ణి క్షమించడానికి టీ తాగాల్సి వచ్చింది.

ఆ రైలు ముందుకీ వెనక్కీ నాలుగడుగుల్లోనే తిరిగింది. మేం రానూపోనూ 120 మైళ్ళు తిరిగాం. రాత్రి ఇంట్లో పెట్టె విప్పితే పోర్టరు నిలబడే ఉన్నాడు, గొర్రెలన్నీ లెక్కకొచ్చాయి. ఇస్త్రీ బల్ల మాత్రం ప్రదర్శన హాల్లోనే మరిచిపోయాం.