కిటికీప్రక్క జటాయువు

ప్రయాణము మనుష్యునికి వినయము నేర్పునని పెద్దలు సెలవిచ్చిరి. ఆ పెద్దలకు రైలుపెట్టెలో కిటికీప్రక్క చోటు ఎన్నడును దొరకియుండదు. ఇంటి చూరులోని పిచ్చుకకును, తుమ్మకొమ్మకు గూడు వ్రేలాడగట్టు గిజిగానికిని భేదమెరుగని గృహస్థు సైతము, బండి కదలి రెండు స్టేషన్లు దాటునప్పటికి, వెనుకకు పరువెత్తు లోకములోని సమస్త పక్షిజాతికిని నామకరణము చేయు పురోహితుడై కూర్చుండును. ఆయన పెట్టిన పేరు తప్పని రుజువు చేయవలెనన్నచో ఆ పక్షియే పెట్టెలోనికి వచ్చి సాక్ష్యము పలుకవలెను. దానికా, రిజర్వేషను లేదు.

మొన్న కాగజ్‌నగరమునకు పోవు బండిలో అట్టి పురోహితుడొకడు, పదేండ్ల కుమారునితో, నాకెదురుగా కూర్చుండెను. కాజీపేట దాటిన పిమ్మట, పట్టాల ప్రక్క కోళ్లదుకాణపు చెత్తకుప్పపై నాలుగైదు గద్దలు గిరికీలు కొట్టుచుండగా, ఆయన వ్రేలు చాచి “అగో, రాబందులు జూడు!” అని ప్రకటించెను. బాలుడు తేరిపార జూచి, “నాన్నా, దాని తోక చేపతోక లెక్క చీలుందేంది?” అని యడిగెను. “అది పిల్ల రాబందురా, పెద్దగయినంక అతుక్కుంటది” అని సమాధానమిచ్చి, తండ్రి పల్లీలపొట్లము విప్పెను. మారుపలికినవారు లేరు, ప్రక్కనున్న ముసలాయన తలయూపెను గూడ.

ఆ చీలిన తోకయే గద్దకు ఇంటిపేరు. మలుపు తిరుగునపుడెల్ల అది దానిని చుక్కానివలె అటునిటు త్రిప్పుచుండును. రాబందు తోక కురుచ, మెడ బోడి. చాచిన రెక్కలు ఈ కొననుండి ఆ కొనకు రెండు మీటర్లుండును. ఎండకు పైకెగయు వేడిగాలి నాశ్రయించి, రెక్క యాడింపకయే చాలసేపు చక్రము తిరుగగలదు. ఇన్ని గురుతులు కండ్లయెదుట నుండగా ఒక్కటియు చూడకుండుటకే గొప్ప సాధన కావలెను.

ఈ సాధన రాబందుతో ఆగునది కాదు. దసరానాడు పాలపిట్టను చూచినగాని పండుగ పూర్తికాదని బయలుదేరినవారు, కాలువగట్టు తీగపై తెల్లని రొమ్ముతో, ఎర్రని పెనుముక్కుతో కూర్చుండిన లకుముకిపిట్టకు కారాపి మ్రొక్కి, ఏడాదికి చాలిన పుణ్యమును ఆ చేపలవేటగానివద్ద వసూలు చేసికొని పోవుదురు. రాత్రివేళ దీపముల వెలుగున రోడ్డు దాటిన ఊరకుక్క నక్కయగును. నక్కను తొక్కిన అదృష్టము తమకు పట్టెనని కారులోనివారు సంతోషింతురు. కుక్కను తొక్కినచో ఏమి పట్టునో దిగి చూచినవారు లేరు. లేపాక్షి మార్గమందైతే చెప్పనక్కరలేదు: అచ్చట ఎగిరిన ప్రతి గద్దయు జటాయువునకు మనుమడే.

పొద్దుపోక చెప్పుకొను మాటలకింత రభసయేల యని మీరనవచ్చును. వీపున తెల్లమచ్చగల రాబందులు 1992కును 2007కును నడుమ మనదేశమున వెయ్యింట ఒక్కటిగా మిగిలినవి. నొప్పికై పశువులకు వేసిన డైక్లోఫినాక్ మందు, చచ్చిన గొడ్డు మాంసమున నిలిచియుండి, తిన్న పక్షి మూత్రపిండములను చెరచుచున్నదని 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 2006లో ప్రభుత్వము దానిని పశువైద్యమున నిషేధించెను. ఏటికొక్క గ్రుడ్డు మాత్రమే పెట్టు జాతికి పోయిన సంతతి తిరిగి వచ్చుట సులభమా? మేమెక్కిన ఆ బండి చేరు కాగజ్‌నగరమునకు ఆవల, బెజ్జూరు అడవిలో, పెద్దవాగు ఒడ్డున పాలరాపుగుట్ట చరియలందు 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనబడుట పత్రికలకెక్కిన వార్త. చెత్తకుప్ప కొకటిచొప్పున దొరకు వస్తువైనచో అది వార్త యెట్లగును?

అయినను మనకు లోటు తెలియలేదు. పత్రికలలో భూరాబందులు, వడ్డీరాబందులు, అవినీతిరాబందులు దినదినాభివృద్ధి నొందుచునే యున్నవి; వ్యంగ్యచిత్రములలో అవి కోటు తొడిగి కుర్చీ నెక్కినవి; కిటికీప్రక్క పురోహితులు మిగిలిన కొరతను గద్దలతో పూడ్చుచున్నారు. శవము లేచి పోయినను, ఇంటిలో మనిషి యున్నాడని బియ్యము పుచ్చుకొను రేషనుకార్డు వంటిదీ వ్యవహారము: పేరు పట్టీలో నుండగా మరణమును విచారించువా రెవరు?

“గద్ద” యనుట కష్టము కాదు, రెండక్షరములు. పల్లీలు నములుచునే పలుకవచ్చును. కాని ఆ తండ్రి ఆనాడు ఆ మాట పలికియున్నచో, తోక సంగతి కనిపెట్టిన ఆ బాలుడు ఊరకుండెడివాడు కాడు, “మరి రాబందులేడున్నయి నాన్నా?” యని యడిగి తీరెడివాడు. ఆ ప్రశ్న రాకుండుటకే కాబోలు, చీలిన తోకను మనము ఇంతకాలముగా అతికించుచున్నాము.