ఆట రాకముందే ఐరన్లు

హిందూపురంలో స్థలం కొన్నవాడు ఇల్లు కడతాడో లేదో చెప్పలేం గానీ, స్థలం అమ్మినవాడు గోల్ఫ్ మొదలుపెట్టడం మాత్రం ఖాయంగా కనిపిస్తోంది. తప్పేం లేదు. చేతిలో నాలుగు డబ్బులు ఆడితే మనిషికి కాస్త గాలి మార్పు కావాలి. పెనుకొండ దగ్గర హైవే ఎక్కితే బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటాక నంది కొండ కిందే పద్దెనిమిది గుంతల పచ్చిక ఉంది. పైగా 2019లో ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి కియా కార్లు రోడ్డెక్కాక కొరియావాళ్లు వచ్చారు, వాళ్ల వంటల హోటళ్లూ వచ్చాయి. 1998లో పాక్ సె రి అమెరికా మహిళల ఓపెన్ గెలిచినప్పటి నుంచి గోల్ఫంటే పడిచచ్చే దేశం వాళ్లది. వాళ్లతో వ్యాపారం మాట్లాడాలంటే కిమ్చీ తింటే చాలదని మనవాళ్లు లెక్కేశారు. ఆ లెక్కా తప్పు కాదు.

తప్పల్లా వరుసలో ఉంది. ఆట కొంచెమైనా పట్టుబడ్డాక కర్రలు కొనడం పాత పద్ధతి. మనవాడు ముందు ఐరన్లనే ఇనుప తల కర్రలు కొంటాడు, ఫొటో దించుతాడు, స్టేటస్ పెడతాడు, ఆ తర్వాత బంతి ఎక్కడ పెట్టి కొట్టాలో అడుగుతాడు. ఆలు లేదు, చూలు లేదు, సోమలింగానికి మాత్రం ఏడు ఐరన్లు తయారు.

"ఏమప్పా, ఏం సెట్ తీసుకున్నావు?"

"బ్లేడ్లన్నా. ఫోర్జింగు. టీవీలో ఆడేవాళ్లు వాడేది ఇవేనంట."

టీవీలో ఆడేవాళ్లు రోజుకు కొన్ని వందల బంతులు కొట్టి, రూపాయి బిళ్లంత చోట బంతి తగిలేలా చేయి తిప్పుకున్నవాళ్లు. బ్లేడు వాళ్ల కోసం పుట్టింది. వెనక పలచగా, నున్నగా, అద్దంలా ఉంటుంది. బంతి సరిగ్గా నడిమధ్యన తగిలితే వెన్నలా జారిపోతుంది. అరంగుళం పక్కకు తగిలిందా, ముఖం మెలితిరిగి, బంతి ముళ్లకంపలోకి పోయి, మోచేతిదాకా జివ్వుమంటుంది. బంతిని గుంతలోకి తోసే పటర్‌తో ఇలాంటి బాధే పడ్డ కార్స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజనీరు, నలభై దాటాక గోల్ఫ్ పట్టినవాడు, పటర్ తల బరువును నడుమ నుంచి తీసి రెండు చివరలకూ సర్దాడు. పింగ్ కంపెనీ అలా పుట్టింది. వెనక గుంట పెట్టి, బరువంతా అంచులకు చేర్చిన క్యావిటీ బ్యాక్ ఐరన్లకు మూలం ఆ ఆలోచనే. బంతి పక్కకు తగిలినా అవి కొంత మన్నిస్తాయి. కానీ మనవాడికి మన్నింపు అక్కర్లేదట. చూడ్డానికి లావుగా ఉంటాయి, ఫొటోలో బాగుండవు.

ఇక రెండో రకంవాడు ఉన్నాడు. వీడికి అందం వద్దు, దూరం కావాలి. "ఈ 7 నంబరుతో పాత సెట్టు కంటే పదిహేను గజాలు ఎక్కువ పోతుంది సార్" అని షాపులో చెప్పగానే కార్డు బయటికి తీస్తాడు. పోతుంది మరి, పోకేం చేస్తుంది? ఒకప్పుడు 7 నంబరు ఐరన్ ముఖం ముప్పై అయిదు డిగ్రీలకు అటూ ఇటూ వాలి ఉండేది. కొత్తవాళ్ల కోసమని ఇప్పుడు అమ్మే సెట్లలో చాలావాటికి ఆ వాలు 30 డిగ్రీల లోపే. వాలు తగ్గితే బంతి దూరం పోతుంది. అంటే పాత 5 నంబరును తెచ్చి, అడుగున 7 అని చెక్కి ఇచ్చారు. బరువు కిందికి దించి బంతి పైకి లేచేలా చేశారు, అంతవరకు మెచ్చుకోవాల్సిందే. కానీ పెరిగిన గజాల్లో అంకె మార్చిన పుణ్యమే ఎక్కువ. ఇంకా చిత్రం ఉంది. అన్నింటి వాలూ తగ్గించేసరికి సెట్టులోని పిచింగ్ వెడ్జ్‌కీ, ఇసుక గుంటలో వాడే శాండ్ వెడ్జ్‌కీ మధ్య పెద్ద ఖాళీ పడింది. ఆ ఖాళీ పూడ్చడానికి గ్యాప్ వెడ్జ్ కావాలి. దొరుకుతుంది, అదే షాపులో, తరచుగా విడి ధరకు. గుంత తవ్వినవాడే మట్టి అమ్ముతున్నాడు.

వీళ్లే ధర్మవరంలో పెళ్లి పట్టు కొనడానికి వెళ్తే చూడాలి. పది చీరలు మడత విప్పించి, జరీని గోటితో గీకి, అంచు తిరగేసి, గుమ్మం దగ్గర వెలుతురులో పెట్టి, భుజాన వేసి, వదినమ్మకు వీడియో కాల్ చేసి, కాఫీ తాగి, అప్పుడు బేరం మొదలుపెడతారు. అదే మనిషి అంతకు రెండింతలు ఖరీదున్న ఐరన్లను ఫోన్‌లో ఒక్క వేలితో కొంటాడు. ఒక్క బంతి కొట్టి చూడడు. కర్ర పొడవు తన ఎత్తుకు సరిపోతుందా, షాఫ్ట్ అనే కాడ గట్టిదనం తన ఊపుకు తగినదా అని అడగడు. స్టిఫ్ అని రాసి ఉంటే మగతనానికి సర్టిఫికెట్ అనుకుంటాడు. ఆడలేక మద్దెల ఓడనడం వెనకటి తరం. ఈ తరం మద్దెల మార్చాకే ఆడటం మొదలుపెడుతోంది.

మరి పనిముట్టే ఆటగాణ్ణి చేస్తుందంటే చరిత్ర ఒప్పుకోవడం లేదు. అయిదు మేజర్ టోర్నీలు గెలిచిన సెవె బాయెస్టెరోస్ స్పెయిన్‌లో సముద్రపు ఒడ్డున ఒక పాత 3 ఐరన్‌తో ఆట నేర్చాడు. అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఇతరుల సంచులు మోస్తూ మొదలుపెట్టి 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. మన పక్క బెంగళూరు అమ్మాయి అదితి అశోక్, దూరం కొట్టేవాళ్ల ముందు వరుసలో లేకుండానే, వాళ్లమ్మ సంచి మోసే క్యాడీగా నడుస్తుంటే, టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క దెబ్బ తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. ఆమెను అక్కడిదాకా తెచ్చింది పదిహేను గజాల ఆఫర్ కాదు.

కాబట్టి కొత్తగా సంచి భుజానికెత్తుకునే అన్నలకు, అక్కలకు మనవి. సంచిలో 14 కర్రలు మించకూడదని నియమం ఉంది గానీ, ఇన్ని ఉండి తీరాలని ఎక్కడా లేదు. 6, 8 నంబరు ఐరన్లు, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, దూరానికి ఒక హైబ్రిడ్, ఒక పటర్ మొదటి ఏడాదికి ధారాళంగా చాలు. క్యావిటీ బ్యాక్ తీసుకోండి. అంకె చూడకండి, వాలు ఎన్ని డిగ్రీలో అడగండి. కొట్టి చూడకుండా కొనకండి. పాతవైనా పరవాలేదు. స్టేటస్ కోసం కొన్నవాళ్లు ఆర్నెల్లకే అమ్మకానికి పెడతారు, దాదాపు కొత్తవే దొరుకుతాయి. మిగిలిన డబ్బు నేర్పేవాడికి ఇవ్వండి. గోల్ఫ్‌లో మార్చాల్సిన మొదటి వస్తువు కొట్టే మనిషే. అది ఏ షాపులోనూ అమ్మరు.