మెయిన్ బాక్సు గారి పెత్తనం

తెనాలిలో మా ఇంటికి యజమాని ఎవరని అడిగితే ఇంటి పన్ను రసీదు నాన్న పేరు చెబుతుంది. నాన్న అమ్మ పేరు చెబుతారు. అసలు పెత్తనం మాత్రం వరండాలో తలుపు పక్కన, మేకుకు తగిలించిన గొడుగు వెనకాల ఉండే మెయిన్ బాక్సుది.

1984లో ఇల్లు కట్టినప్పుడు బిగించినది అది. పిడి ఉన్న ఇనుప పెట్టె, దాని పక్కన చెక్క బోర్డు, బోర్డు మీద పింగాణీ ఫ్యూజులు. అప్పట్లో అది మొయ్యాల్సిందల్లా నాలుగు ఫ్యాన్లు, కొన్ని ట్యూబులైట్లు, ఒక రేడియో. తర్వాత టీవీ వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది, మిక్సీ, గీజరు, ఏసీ వరసకట్టి వచ్చాయి. ప్రతిదానికీ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి లోపలికి తీసుకున్నాం. "ఇంతమందిని మొయ్యగలవా?" అని ఆ పెట్టెను అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అడగకపోయినా అది చెప్పడం మొదలుపెట్టింది. చెప్పినప్పుడల్లా ఇల్లు చీకటయ్యేది. దాంతో ఇంట్లో ఒక రాజ్యాంగం తయారైంది. స్నానానికి వెళ్లేవాళ్లు "గీజరు వేస్తున్నా!" అని కేకెయ్యాలి. వంటింట్లోంచి "ఆగండి, పచ్చడి తిరుగుతోంది!" అని జవాబొస్తే తువ్వాలు భుజాన వేసుకుని నిలబడాలి. ఏసీ నడుస్తున్నప్పుడు ఇస్త్రీ నిషిద్ధం. మోటారు వేసిన క్షణాన లైట్లన్నీ ఒక్కసారి మసకబారితే భయపడకూడదు. తమ్ముడి పెళ్లయి మరదలు కాపురానికొస్తే అమ్మ ఆ పిల్లకు పోపుల పెట్టె ఎక్కడుందో చెప్పకముందే ఇవన్నీ అప్పజెప్పింది.

నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఫ్యూజు వెయ్యడం ఆయనకు కళ. టార్చి నేను పట్టుకోవాలి, స్క్రూడ్రైవరు తమ్ముడు అందించాలి. ఆయన పాత వైరు ముక్కను ఒలిచి, ఒక్క రాగి పోగు తీసి చుట్టేవారు. అది మాటిమాటికీ పోతుంటే రెండు పోగులు వేశారు. అవీ పోతే మూడు పోగులు పురి తిప్పి బిగించి "ఇక చచ్చినా పోదు" అన్నారు.

భయపడాల్సింది సరిగ్గా అప్పుడే. ఫ్యూజు ఉన్నదే పోవడానికి. తీగ మొయ్యగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు పారితే ఆ సన్నటి పోగు ముందుగా కరిగి దారి తెగ్గొట్టాలి. దాన్ని లావు చేస్తే కరెంటు తగ్గదు, కాలే చోటు మారుతుంది. పోగు కాలనంటే గోడలోపలి తీగ కాలుతుంది. పైగా మాలాంటి పాత ఇళ్లలో ఫేజుకొకటి, న్యూట్రల్‌కొకటి ఫ్యూజు ఉండేది. న్యూట్రల్ ఫ్యూజు పోతే లైటు ఆరిపోతుంది కానీ తీగలో కరెంటు అలాగే ఉంటుంది. చీకటిగా ఉంది కదా, కరెంటు లేదనుకుని చెయ్యి పెట్టిన వాడికి షాకు ఖాయం.

పెట్టె తన వంతు సూచనలు తాను ఇచ్చింది. బోర్డు మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా ఉండేది. పింగాణీ చుట్టూ చెక్క నల్లబడింది. గీజరు వేస్తే లోపల్నుంచి గుయ్‌మనే చప్పుడు. అప్పుడప్పుడు కమురు వాసన వస్తే, ఎదురింటివాళ్లు పోపు మాడ్చారని అమ్మ తేల్చేది. ఒకరోజు పెట్టెలో ఒక బల్లి మాడిపోయి కనిపించింది. పంచాంగంలో బల్లి తల మీద పడితే ఏమిటో, భుజం మీద పడితే ఏమిటో రాశారు కానీ మెయిన్ బాక్సులో పడితే ఫలితమేమిటో రాయలేదు. కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

పెట్టెను మార్చకూడదని ఎవరూ అనలేదు. వేసవిలో ఫ్యాను లేకుండా పగలంతా ఉండలేం కనక ఎండలు తగ్గాక అనుకున్నాం. వానల్లో కరెంటు పని ప్రమాదమన్నారు. తర్వాత దసరా, కార్తీకం, సంక్రాంతికి చుట్టాలు. సంక్రాంతి వెళ్లేసరికి మళ్లీ ఎండలు.

చివరికి ఒకనాడు అమ్మ స్నానాల గదిలోంచి "కుళాయి జుమ్మంటోందండీ, కరెంటొస్తున్నట్టుంది" అంది. నాన్న పేపరు దించకుండానే "దాంట్లో నీళ్లే సరిగ్గా రావు, కరెంటెక్కడిదే?" అన్నారు. మర్నాడు ఆయనకూ జుమ్మంది. మధ్యాహ్నానికల్లా ఎలక్ట్రీషియన్ వరండాలో ఉన్నాడు.

అతను పెట్టె తెరిచి, మూడు పోగుల పురిని బయటికి లాగి, ఎవరు వేశారని అడగలేదు. నాన్న శిష్యుడు కావడం వల్ల వచ్చిన మర్యాద అది. జేబులోంచి పెన్సిలు తీసి గోడ మీద లెక్క మొదలుపెట్టాడు.

"గీజరు 2000 వాట్లు, ఏసీ ఒక 1600, ఇస్త్రీపెట్టె 1000, మిక్సీ 750. అన్నీ కలిసి 5350. దీన్ని 230 వోల్టులతో భాగిస్తే ఒక పాతిక ఆంపియర్లు మాస్టారూ."

"పాతికేమిట్రా? 23.26. నీకు ఎనిమిదో తరగతిలోనే చెప్పాను, ఉజ్జాయింపులు వద్దని."

"అయితే 23.26 అండి. మీ మెయిన్ ఎంతకుందో చూడండి, 15. ఎంత ఎక్కువో మీరే చెప్పండి."

జీవితంలో మొదటిసారి నాన్న ఒక తీసివేత చెయ్యకుండా వదిలేశారు.

అయినా ఫ్యూజుల బదులు ఎంసీబీ స్విచ్‌లుండే కొత్త బోర్డు మాటెత్తగానే "ఈ ఎంసీబీలు నిన్నగాక మొన్న వచ్చినవి, నమ్మలేం" అన్నారు. జర్మనీలోని మాన్‌హైమ్‌లో హ్యూగో స్టాట్జ్ కంపెనీ ఎంసీబీకి పేటెంటు తీసుకున్నది 1924లో. నాన్న పుట్టడానికి చాలాముందే వచ్చిన వస్తువు మా వరండాకు చేరడానికి ఇంతకాలం పట్టింది.

ఎంసీబీ లోపల రెండు కాపలాలు. లోడు ఎక్కువై తీగ వేడెక్కుతుంటే రెండు లోహాలు అతికించిన పట్టీ మెల్లగా వంగి స్విచ్ పడేస్తుంది. షార్ట్ సర్క్యూట్ అయితే అయస్కాంతపు చుట్ట వెంటనే పడేస్తుంది. మాటిమాటికీ పడుతోందని 16 ఆంపియర్లది తీసి 32ది పెట్టించుకునేవాళ్లు నాన్న మూడు పోగుల సిద్ధాంతాన్నే ఆధునిక పద్ధతిలో పాటిస్తున్నారు. ఎంసీబీ కాపాడేది ఏసీని కాదు, గోడలోని తీగను. కాబట్టి దాని అంకె తీగ లావుకు తగ్గట్టుండాలి. బోర్డు మార్చి, లోపల పాత సన్న తీగలే ఉంచితే సగం పనే అయినట్టు. కరెంటు బిల్లు మీద ఉండే లోడు అంకెనూ దరఖాస్తు పెట్టి పెంచుకోవాలి.

షాకు సంగతి చూసేది మాత్రం బోర్డులోని ఇంకో స్విచ్, ఆర్‌సీసీబీ. కొట్టుకు పంపిన పిల్లాడి దగ్గర చిల్లర లెక్క చూసే అమ్మలాంటిది అది. వెళ్లిన కరెంటంతా తిరిగొచ్చిందా లేదా అని చూస్తూనే ఉంటుంది. ఇళ్లలో పెట్టే రకమైతే 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు, రెప్పపాటులో ఇల్లంతా ఆపేస్తుంది. అది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి దాని మీదే టెస్టు బటన్ ఉంటుంది. అప్పుడప్పుడు నొక్కి చూడాలి.

కొత్త బోర్డు పెట్టిన మొదటిరోజు ఆ ఆర్‌సీసీబీ నిలబడితే ఒట్టు. గీజరు వెయ్యగానే పడింది. కుళాయిని జుమ్మనిపించిన దొంగ దొరికింది: గీజరు లోపలి హీటరు నుంచి కరెంటు లీకవుతోంది. గీజరు తీయించినా మళ్లీ పడింది. వెనకగదిలో ఎవరో ఎప్పుడో న్యూట్రల్‌నూ ఎర్తునూ కలిపేసి వెళ్లారు. అసలు ఎర్తు తీగ పెరట్లో తుప్పుపట్టి తెగిపోయి ఉంది. "పాతదే నయం, ఇన్ని తగువులు పెట్టలేదు" అన్నారు నాన్న. పెట్టలేదు, నిజమే. దొంగలందరినీ చూసీ చూడనట్టు ఊరుకుంది.

కాబట్టి బోర్డు ఎప్పుడు మార్చాలంటే వేడి, వాసన, చప్పుడు, కుళాయి జుమ్మనడం ఎలాగూ చెబుతాయి. వాటికన్నా ముందే చెప్పే గుర్తు ఇంకొకటుంది. పెట్టె మనకు తగ్గట్టు నడవడం మాని, మనం పెట్టెకు తగ్గట్టు నడుస్తున్నామంటే గడువు దాటినట్టే.

ఒక నష్టం మాత్రం ముందే చెప్పాలి. మా ఇంట్లో ఇప్పుడు గీజరు, మిక్సీ, ఏసీ, ఇస్త్రీపెట్టె ఒకేసారి నడుస్తున్నాయి. దాంతో "ఏసీ నడుస్తోంది కదా, ఇస్త్రీ ఎలా చేస్తాను?" అనే తమ్ముడి జవాబు చెల్లడం లేదు. "పచ్చడి తిరుగుతోంది కదా" అని ఆదివారం స్నానం మధ్యాహ్నానికి జరిపే హక్కు నాకు పోయింది. ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన అంచనాలో ఈ పద్దు లేదు.