గాలివాటు ఫేసింగ్

తెరచాప పడవల పిచ్చి ఉన్నవాడికి అక్టోబరులో అమెరికాలో ఉన్న పుణ్యక్షేత్రం చీసపీక్ అఖాతం ఒడ్డునున్న మేరీలాండ్ రాజధాని అన్నాపొలిస్. 1970 నుంచి అక్కడ తెరచాప పడవల ప్రదర్శన జరుగుతోంది. పడవలు చాలావరకు నీళ్ళలోనే ఉంటాయి. ఊరి నడిబొడ్డుదాకా చొచ్చుకొచ్చిన సన్నటి పాయ ఒకటుంది, దాని ముద్దుపేరు ఈగో ఆలీ. మామూలు రోజుల్లో డబ్బున్నవాళ్ళు పడవను ఆ చివరిదాకా నడిపించుకొచ్చి, ఒడ్డున ఐస్‌క్రీమ్ తింటున్న జనం చూశారని రూఢి చేసుకుని, వెనక్కి తిప్పుకుపోతారు. ప్రదర్శనప్పుడు మాత్రం నీళ్ళమీద తేలే దారులు పరిచి, వాటికి వరసగా పడవల్ని కట్టేస్తారు.

నా పిచ్చి హుస్సేన్‌సాగర్‌లో అంటుకున్నది. జులైలో ఋతుపవనాల గాలికి బుద్ధుడి ఎదుట లేజర్ పడవ నేర్చుకున్నవాణ్ణి. లేజర్ అంటే పద్నాలుగు అడుగుల లోపు పడవ, ఒకే చాప, ఒకే మనిషి. ఆ పడవను లోకానికి మొదట చూపించిందీ ఇలాంటి ప్రదర్శనలోనే, 1971లో న్యూయార్క్‌లో. బోల్తా పడటం ఆ ఆటలో భాగం. హుస్సేన్‌సాగర్‌లో అయితే నోరు గట్టిగా మూసుకుని మరీ బోల్తా పడాలి. ఆ క్రమశిక్షణ అబ్బినవాణ్ణి ఏ సముద్రమూ భయపెట్టలేదు. ఇప్పుడు వర్జీనియాలో ఉద్యోగం, పడవ లేదు, పిచ్చి మాత్రం ఉంది.

ఈసారి మా ఆవిడతో పాటు మా బావమరిదిని కూడా తీసుకెళ్ళాను. వాడు విశాఖలో ప్లాట్ల వ్యాపారం చేస్తాడు, అమెరికా చూడటానికి వచ్చాడు. వాణ్ణి నయాగరాకే తీసుకెళ్ళి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

పడవ ఎక్కేముందు జోళ్ళు విడవాలి. డెక్కు పాడవకుండా అదో ఆచారం. అమెరికన్లు ఒంటికాలి మీద గెంతుతూ లేసులతో కుస్తీ పడుతుంటే, మేం ముగ్గురం పుట్టుకతో వచ్చిన విద్య కనుక క్షణంలో విడిచేశాం. మా బావమరిది ఒక చెప్పు ఈ పడవ బుట్టలోనూ, రెండోది పక్క పడవ బుట్టలోనూ వేశాడు. "జత ఒకేచోట ఉంటే పోతాయి బావా" అన్నాడు. సింహాచలంలో పనికొచ్చిన ఉపాయం చీసపీక్ అఖాతంలో ఎందుకు పనికిరాదు?

ఈ ఆచారం వల్ల ఇంకో లాభం ఉంది. కొనేవాడి స్తోమతును కాళ్ళజోడు చూసి తూకం వేసే అవకాశం అమ్మకందారుకు పోతుంది. చిరిగిన సాక్సు వేసుకున్నది కోటీశ్వరుడో, నాలాంటివాడో తేల్చుకోలేడు. అందుకని అడిగేస్తాడు. "ఇప్పుడు మీ దగ్గర ఏ పడవుంది?" ఒకప్పుడు లేజర్ నడిపేవాణ్ణన్నాను. "అబ్బ, గొప్ప పడవ!" అంటూనే నా భుజం మీదుగా వెనకనున్న వాణ్ణి చూశాడు.

మేం ఎక్కింది నలభై అయిదు అడుగుల కాటమరాన్, అంటే రెండు పొట్టల పడవ. నాలుగు పడకగదులు, నాలుగింటికీ అటాచ్డ్ బాత్‌రూములు, బట్టలుతికే మిషను, ఐసు ముక్కలు చేసే మిషను. ధర మిలియన్ డాలర్ల దరిదాపుల్లో. గచ్చిబౌలిలో శాంపిల్ ఫ్లాటు చూడ్డానికి వచ్చినట్టే ఉంది జనం వరస. అల్మారాలు తెరుస్తారు, పరుపు నొక్కుతారు, ఫ్రిజ్జులో తల పెడతారు. మా ఆవిడ ఒక్క అల్మారా కూడా వదల్లేదు. "ప్రెషర్ కుక్కరు ఎక్కడ పెట్టుకుంటారండీ?" అని నన్నడిగింది, అక్కడికి నేనే బిల్డర్ని అయినట్టు. తెరచాపలు మాత్రం చుట్టచుట్టి సంచుల్లో ఉన్నాయి. వాటివంక ఒక్కరూ కన్నెత్తి చూడలేదు.

పరువు కోసం నేనే అడిగాను, "ఇది గాలికి ఎంత ఎదురుగా పోగలదు?" అని. ఏ తెరచాప పడవా నేరుగా ఎదురుగాలిలోకి పోలేదు. కాస్త అటూ ఇటూగా నలభై అయిదు డిగ్రీల వారన, ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ వంకర్లు తిరుగుతూ చేరుకోవాలి. ఈ విద్యలో ఉన్న అందమంతా ఆ వంకర్లలోనే ఉంది. అమ్మకందారు నావంక జాలిగా చూసి, "రెండు ఇంజన్లున్నాయి సార్" అన్నాడు.

మా బావమరిది చదరపు అడుగు రేటు కట్టుకున్నాడు. తర్వాత అసలు ప్రశ్న వేశాడు.

"మెయిన్ డోర్ ఏ ఫేసింగ్ బావా?"

లంగరు తాడు ముక్కుకు కట్టి ఉంటుంది కాబట్టి పడవ ముక్కు ఎప్పుడూ గాలి వచ్చేవైపే తిరుగుతుందనీ, ఫేసింగు గాలి దయ అనీ చెప్పాను. వాడి ముఖం పాలిపోయింది. వంటగది కుడివైపు వెనక ఉంది. బ్రోషరు వెనక లెక్కలేశాం. ఉత్తరపు గాలి వీస్తే వంటగది ఆగ్నేయంలో పడుతుంది, శాస్త్రం సంతోషిస్తుంది. దక్షిణపు గాలికి వాయవ్యం, సర్దుకోవచ్చు. పడమటి గాలి వీచిందా, ఈశాన్యంలో పొయ్యి. తూర్పుగాలికి నైరుతి, యజమాని పడుకోవలసిన చోట పప్పు ఉడుకుతుంది. చీసపీక్‌లో వేసవిలో ఎక్కువగా దక్షిణపు గాలే కనుక వాయవ్యానికి ఢోకా లేదని ధైర్యం చెప్పాను. "మరి చలికాలం?" అన్నాడు. చలికాలం ఇక్కడ పడవల్ని ఒడ్డుకెక్కించి కప్పెడతారు. దోషం వాస్తుది కాదు, మంచుది.

పక్కనే ఉన్న ఒంటిపొట్ట పడవ ఎంత వేగంతో పోతుందన్నాడు. నీటిమట్టం దగ్గర ముప్ఫై ఆరు అడుగుల పొడవుంటే ఎనిమిది నాట్లు, అంటే గంటకు పదిహేను కిలోమీటర్లు. తాను లేపిన అలలోనే తాను ఇరుక్కుపోతుంది. "ఇంత పోసి సైకిల్ స్పీడా!" అని నోరు తెరిచాడు.

నాకు రోషం వచ్చింది. తారిణి కథ ఎత్తాను. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి, 2018 మేలో తిరిగొచ్చిన మన నౌకాదళం పడవ. యాభై అయిదు అడుగులు. ఆరుగురు ఆడవాళ్ళు, 254 రోజులు, దాదాపు 21,600 నాటికల్ మైళ్ళు, మధ్యలో కేప్ హార్న్. అందులో ఇద్దరు మనవాళ్ళు, విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య. ఆ సైకిల్ స్పీడుతోనే భూమి చుట్టి వచ్చారు. మా ఆవిడ అల్మారా మూసి, "ఆరుగురా? ఇందులో నలుగురికే గదులున్నాయి" అంది.

సామాన్ల గుడారంలో అరచేతిలో పట్టే స్టీలు కొక్కెం చూసి వాడు "రాణీగంజ్‌లో ఎంతుంటుంది?" అన్నాడు. ఇది 316 రకం స్టీలనీ, ఉప్పునీటికి తట్టుకోవడానికి ఇందులో మాలిబ్డినం కలుపుతారనీ వివరంగా చెప్పాను. "మాలిబ్డినం అంత రేటుందా?" అని గౌరవంగా కిందపెట్టేశాడు.

సాయంత్రం ఒడ్డున కూర్చున్నాం. అక్కడ నాలుగంటే ఇండియాలో అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. రియల్ ఎస్టేటువాళ్ళకు నిద్ర ఉండదు కాబట్టి మా వాడు భీమిలికి ఫోను కలిపాడు.

"మన ఆ బీచ్ రోడ్డు బిట్టు ఇంకా ఉందా? ఎదురుగా సముద్రం, తూర్పు ఫేసింగ్. పైగా గాలి ఎటు వీచినా ఫేసింగ్ మారదు... అవున్రా, మారదు... తాగలేదు."