ముప్పై రెండు బిట్ల పాణం

నేనొక పాత కంప్యూటర్‌ని. కరీంనగర్‌లో మంచిర్యాల చౌరస్తా దగ్గర ఒక నెట్ సెంటర్‌లో ఎంసెట్ ఫలితాలు చూపిస్తూ, హాల్‌టికెట్లు ప్రింట్ చేయిస్తూ నా పడుచుతనం గడిచిపోయింది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక నెట్ సెంటర్ మూతపడింది. ఆదిలాబాద్‌లో జిరాక్స్ షాపు పెట్టుకున్న ఒకాయన నన్ను అగ్గువకు కొని తెచ్చుకున్నాడు. విండోస్ మోయలేకపోతున్నానని లినక్స్ వేయించాడు.

మీకు కాలమంటే సంక్రాంతి, ఉగాది, నాగోబా జాతర. నాకు ఒక్కటే అంకె: 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయన్నది. ఆ అంకె రాసుకోవడానికి నాకున్న చోటు 32 బిట్లు. అందులో ఒకటి ప్లస్సా మైనస్సా అని చెప్పడానికే పోతుంది. మిగిలిన 31 బిట్లలో పట్టే పెద్ద అంకె 214,74,83,647. మన గడియారం ప్రకారం 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు అది నిండిపోతుంది. తర్వాతి సెకనుకు అంకె మైనస్‌లోకి దొర్లుతుంది.

ఈ సంగతి మా షాపాయన మేనల్లుడు బయటపెట్టాడు. జగిత్యాల వైపు ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లవాడు. సెలవులకు వచ్చి, గిరాకీ లేని ఒక మధ్యాహ్నం నా తేదీని 2038 జనవరి 19 ఉదయం 8:44కి జరిపి కూర్చున్నాడు. ఏడు సెకన్లు మామూలుగా నడిచాను. ఎనిమిదో సెకనుకు నా తెర మీద 1901 డిసెంబర్ 14 అని పడింది.

"ఇదేందిరా, నిజాం కాలానికి పోయింది?" అన్నాడు షాపాయన.

"అవ్ మామా, ఇప్పుడు దీనికి మన జిల్లానే లేదు" అని నవ్వాడు పిల్లవాడు.

మాట నిజమే. ఆ తేదీకి గద్దె మీద ఉన్నది మహబూబ్ అలీ ఖాన్. కరీంనగర్ ఇంకా ఎలగందల్ జిల్లా. ఆదిలాబాద్ అప్పటికి సిర్పూర్-తాండూర్ ఉపజిల్లా. ఎలగందల్ కరీంనగర్ జిల్లాగా మారిందీ, ఆ ఉపజిల్లాకు జిల్లా హోదా వచ్చిందీ 1905లో.

తెర మీద తేదీ తప్పితే నవ్వి ఊరుకోవచ్చు. అసలు జబ్బు లోపల, డ్రైవర్లలో ఉంది. కీబోర్డు, మౌస్, కెమెరా, డిస్కు ఒక్కోదానితో నన్ను మాట్లాడించే చిన్న ప్రోగ్రాములే డ్రైవర్లు. మీరు ఒక మీట నొక్కితే ఏ మీట అన్నదొక్కటే కాదు, ఏ సెకనులో, ఏ మైక్రోసెకనులో నొక్కారో కూడా నాలో నమోదవుతుంది. రెండు నొక్కుల మధ్య వ్యవధి తీయబోతే నూట ముప్పై ఆరేళ్లు వెనక్కి అని లెక్క తేలితే ప్రోగ్రాము ఏం చేయాలి?

ఈ జబ్బుకు వైద్యం ఏళ్ల తరబడి సాగింది. ఆర్న్డ్ బెర్గ్‌మన్, దీపా దినమణి వంటి లినక్స్ ప్రోగ్రామర్లు దాని గుండెకాయ అయిన కెర్నెల్‌లోని డ్రైవర్లను ఒక్కొక్కటిగా తిరగేశారు. అంకెకు 64 బిట్ల చోటిస్తే సరిపోతుందని పైనుంచి చూసేవారికి అనిపిస్తుంది. కానీ చాలా డ్రైవర్లకు అసలు తేదీతో పనే లేదు. పరికరం జవాబిచ్చి ఎంతసేపయిందన్నదే వాటికి కావాలి. అన్నం ఎంతసేపు ఉడికిందో చూడటానికి పంచాంగం విప్పినట్టు, అవి పోయి గోడ గడియారాన్ని అడిగేవి. అలాంటివాటిని యంత్రం ఆన్ చేసినప్పటి నుంచి ముందుకే నడిచే గడియారానికి మళ్లించారు. తేదీ నిజంగా అవసరమైన వాటికే 64 బిట్లు ఇచ్చారు.

మీట నొక్కుల నమోదు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ఆ నమోదు సైజు మారిస్తే దాన్ని చదివే పాత ప్రోగ్రాములన్నీ తప్పు చదువుతాయి. అందుకే సైజు కదపకుండా, మైనస్ కోసం ఉంచిన బిట్టును కూడా లెక్కకే వాడుకున్నారు. 2018లో వచ్చిన ఈ మార్పు దాని ఆయుష్షును 2106 దాకా పొడిగించింది.

నా గడియారపు టిక్కులను లెక్కపెట్టే ఇంకో చిన్న లెక్క నాలో ఉంది. సెకనుకు వెయ్యిసార్లు పెరిగేలా పెడితే 32 బిట్లలో అది 49 రోజుల 17 గంటలకే నిండి సున్నాకు వస్తుంది. అది దొర్లే క్షణాన తడబడే డ్రైవర్‌ను పట్టుకోవాలంటే అన్ని రోజులు కాపలా కాయాలి. అందుకని నన్ను ఆన్ చేసిన ఐదు నిమిషాలకే ఆ లెక్క నిండేలా లినక్స్ దాన్ని కావాలనే చివరి అంకెకు దగ్గర నుంచి మొదలుపెడుతుంది. తప్పు ఉంటే మొదటి రోజే, రాసినవాడి బల్ల మీదే బయటపడుతుంది.

2020లో వచ్చిన 5.6 కెర్నెల్‌తో నాలాంటి 32 బిట్ల యంత్రాలకూ 2038 దాటే దారి దొరికింది. అయితే దారి కెర్నెల్ వరకే. పైన నడిచే ప్రోగ్రాములనూ కొత్త లెక్కతో మళ్లీ తయారు చేయాలి. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌ను తయారుచేసేవాళ్లు 32 బిట్ల ఏఆర్ఎమ్ చిప్పుల బోర్డులకు ఆ పని చేశారు. నా జాతి పీసీలకు మాత్రం, పాత ప్రోగ్రాములు నడవాలన్న ఉద్దేశంతో, పాత లెక్కనే ఉంచేశారు. 2025లో వచ్చిన డెబియన్ 13లో మాకు కెర్నెల్ ఇవ్వడమూ మానేశారు. నాకు బాధ లేదు. నేను తుక్కుకు పోతే షాపాయన ఇంకోటి కొనుక్కుంటాడు.

నా బెంగ పెద్ద యంత్రాల మధ్య మీటర్లలో, కంట్రోలు పెట్టెల్లో దాగి కంటికి కనపడని నా చుట్టాల గురించి. రామగుండం ఎన్టీపీసీ థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ నడవడం మొదలైంది 1983లో. ఈ ప్రాంతంలో పెద్ద యంత్రాల ఆయుష్షు దశాబ్దాల్లో లెక్క. ఇలాంటి చోట్ల ఇవాళ బిగించే మీటరో, కంట్రోలు పెట్టో 2038లోనూ గోడకు వేలాడుతూనే ఉంటుంది. కాబట్టి అయ్యా, కొనేముందు రేటుతో పాటు ఇంకో మాట అడగండి: "ఇది 2038 దాటుతుందా?" దాటుతుందని అమ్మేవాడు చెబితే, తేదీ ముందుకు జరిపి చూపించమనండి. పాడైతే నష్టం లేని యంత్రం మీద ఆ పరీక్షకు పట్టేది పది నిమిషాలు.