భూకంపానికి పిలుపొచ్చిందా? ఇలా సర్దుకోండి!

పరాయి దేశంలో భూమి కంపించింది. సహాయక బృందం జాబితాలో మీ పేరుంది. మీరు డాక్టరో, ఇంజినీరో, వాలంటీరో, ఎవరైతేనేం, ఆరు గంటల్లో విమానాశ్రయంలో ఉండమని ఫోనొచ్చింది. కంగారు పడకండి. చెమట పట్టకుండా వెళ్లి, చొక్కా నలగకుండా తిరిగొచ్చే మార్గం ఉంది. ఈ పది చిట్కాలూ వరసగా పాటించండి. ఒక్కటి వదిలినా పని మీ మీద పడుతుంది.

1. పాస్‌పోర్టు జోలికి వెళ్లకండి.
గడువు ఎప్పటిదాకా ఉందో ముందే చూసుకోవడం పనిలేనివాళ్ల పని. బీరువాలో పట్టుచీరల కింద ఉందో, బ్యాంకు లోను ఫైల్లో ఉండిపోయిందో, పిలుపొచ్చాకే ఆలోచించండి. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంప సహాయానికి బయల్దేరిన జాతీయ విపత్తు స్పందన దళం, ఎన్డీఆర్‌ఎఫ్ వాళ్లకు రాత్రికి రాత్రే పాస్‌పోర్టులు సిద్ధం చేశారు. వాళ్లకు చేసినవాళ్లు మీకు చెయ్యరా? ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని కౌంటరు దగ్గరికెళ్లండి. “ఇది చాలదా సార్?” అని అడగండి. ఆ వాదన తేలేలోపు ఒక విమానం వెళ్లిపోతుంది. తర్వాతిది వచ్చేదాకా కుర్చీలో కునుకు తీయండి.

2. టీకాలు ఆఖరి రోజుకు ఉంచండి.
ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న పది రోజులకు గాని సర్టిఫికెట్ చెల్లదు. కాబట్టి బయల్దేరే రోజు పొద్దున హైదరాబాద్ నారాయణగూడలో ఆ టీకా వేసే ఐపీఎంకు వెళ్లి వాకబు చెయ్యండి. ఆ జ్వరమున్న దేశం నుంచి సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన దగ్గర ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. పడక, భోజనం వాళ్లే చూస్తారు, ఇంతకంటే ఏం కావాలి? మలేరియా రాకుండా ఇచ్చే డాక్సీసైక్లిన్ ఇంటికొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోమంటారు. శంషాబాద్‌లో దిగిన రోజే మానెయ్యండి. నెల తిరగకుండా చలిజ్వరం వస్తే మెడికల్ లీవుకు ఎవరూ అడ్డు చెప్పలేరు.

3. రెండు సాకులు చేతిలో ఉంచుకోండి.
శిథిలాల కింద ఉన్నవాళ్లకు మొదటి 72 గంటలే కీలకమని శిక్షణలో పదేపదే చెబుతారు. అంటే ఆ 72 గంటల్లో వెళితే మీకు నిద్రుండదు. ఐదో రోజుకు రోడ్లు తెరుచుకుంటాయి, టీ దొరుకుతుంది, టీవీ వాళ్లు కూడా వచ్చి ఉంటారు. అందుకని మొదటి ఫోనుకు “అత్తగారికి షుగర్ పడిపోయింది” అనండి. రెండో ఫోనుకు “బావమరిది నిశ్చితార్థం” అనండి. రెండూ ఒకే అధికారికి చెప్పకండి. మూడో ఫోనుకు “ఇదిగో దారిలోనే ఉన్నా” అని స్నానానికి వెళ్లండి.

4. చక్రాల సూట్‌కేసు తీసుకోండి.
వీపున తగిలించుకునే బ్యాగైతే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఖాళీ చేతులు కనపడితే స్ట్రెచర్ అంచు పట్టించేస్తారు. కూలిన కాంక్రీటు మీద సూట్‌కేసు చక్రం ఊడిపోతుంది. అప్పుడు బృందంలో ఇద్దరు కుర్రాళ్లు దాన్ని మోస్తారు, మీరు వెనక నడవొచ్చు. హెల్మెట్, చేతి తొడుగులు, మోకాలి ప్యాడ్లు, దుమ్ము మాస్కు అన్నిటికంటే అడుగున పెట్టండి. వాటి మీద ఇస్త్రీ చొక్కాలు, ఆ పైన షేవింగ్ సెట్టు. పనిలోకి పిలిచినప్పుడల్లా పెట్టె మొత్తం కుమ్మరించాలి. రెండోసారికి విసుగొచ్చి మిమ్మల్ని పిలవడం మానేస్తారు.

5. కొత్త బూట్లు విమానాశ్రయంలోనే తొడగండి.
నెల ముందు నుంచి తొడుక్కు తిరిగితే తోలు మెత్తబడి కాలికి పడుతుంది. ఆ పొరపాటు చెయ్యకండి. గట్టి తోలైతే రెండో రోజుకల్లా మడమ పుండు పడుతుంది, కుంటేవాణ్ని ఎవరూ శిథిలాలెక్కించరు. చలిబట్టలకు చోటు వృథా చెయ్యకండి. తుర్కియే భూకంపమప్పుడు గాజియాంటెప్ వైపు రాత్రిళ్లు చలి సున్నా కిందికి దిగింది. అయినా బాధితులకు పంచే దుప్పట్ల కట్ట మీ డేరా ముందు నుంచే వెళుతుంది కదా. పైది తీసుకోండి.

6. తిండీ నీళ్లూ అక్కడివాళ్లనే అడగండి.
ఐక్యరాజ్యసమితి రెస్క్యూ సలహా బృందం ఇన్సరాగ్ నియమాల ప్రకారం భారీ రెస్క్యూ బృందం పది రోజులు, మధ్యస్థాయి బృందం ఏడు రోజులు ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలి. అంత బరువెవరు మోస్తారు? మీ వంతుకు ఆవకాయ సీసా ఒకటి చాలు. దాన్ని బ్యాండేజీల పెట్టెలో మూత వదులుగా పెట్టండి. అదనుకు నూనె కారి కట్లన్నీ ఎర్రబడతాయి. “నేను చూసుకుంటా” అని ముందుకొచ్చి, ఏవి పనికొస్తాయో ఏవి రావో నీడలో కూర్చుని తీరిగ్గా ఏరండి. ఆ పూటకు మీ డ్యూటీ అదే.

7. మందుల డ్రాయరు బోర్లించండి.
ఇంట్లో మిగిలిన సగం స్ట్రిప్పులు, అట్టపెట్టె లేని సీసాలు, తాతయ్య బీపీ మాత్రలు, అన్నీ ఒక కవర్లో పొయ్యండి. పేరు, డోసు, గడువు రాసిన జాబితా పెట్టకండి. జాబితా ఉంటే లెక్క అడుగుతారు. 2004 సునామీ తర్వాత ఇండోనేషియాలోని అచేకు దాదాపు 4 వేల టన్నుల మందులు వచ్చిపడ్డాయి. చాలావాటి మీది రాత అక్కడివాళ్లకు చదవరాలేదు. పనికిరానివి వందల టన్నులు ధ్వంసం చెయ్యాల్సి వచ్చింది. అంత గుట్టలో మీ కవరు ఎవరి కంట పడుతుంది? దాత అన్న పేరు మాత్రం మీకు మిగులుతుంది.

8. ఫోను చావనివ్వండి.
2011లో ఎన్డీఆర్‌ఎఫ్ బృందం 46 మందితో జపాన్‌లోని ఒనగావాకు సహాయానికి వెళ్లింది. అక్కడి ప్లగ్గులకు చదును పిన్నులు, మన గుండ్రటివి పట్టవు. ఏ దేశానికి ఏ పిన్నో కనుక్కోకండి, అడాప్టరు కొనకండి, పవర్ బ్యాంకు ఇంట్లోనే చార్జింగులో పెట్టి మరిచిపోండి. ఫోను ఆగిపోతే నాయకుడి పిలుపు మీకు చేరదు. చివరి ఐదు శాతం చార్జి మాత్రం దాచుకోండి. సహాయక కుక్కతో ఫొటో దిగి వాట్సాప్ స్టేటస్ పెట్టడానికి అది సరిపోతుంది.

9. డేరా, మరుగుదొడ్డి మీ పని కాదు.
గోడకు బీటలున్నా పైకప్పున్న గది దొరికితే అందులో పడుకోండి. తుర్కియేలో 2023 ఫిబ్రవరి 6 తెల్లవారుజామున 7.8 తీవ్రతతో ఒక భూకంపం వచ్చింది, అదే మధ్యాహ్నం 7.5తో ఇంకోటి. రెండూ వచ్చాక ఇంక ఏముంటుంది? ఫిబ్రవరి 20న మళ్లీ గట్టిగానే కంపించింది గాని, మీరు మెలకువగా ఉండాల్సిన పని లేదు. మరుగుదొడ్డి గుంత తవ్వేటప్పుడు నడుం పట్టేసిందనండి. 2010లో హైతీలో ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం మురుగు ఏట్లో కలిసి కలరా అంటుకుంది, దాదాపు 10 వేల మంది పోయారు. ఆ పాఠం చెప్పే రోజు వెనక బెంచీలో కూర్చోండి. తెలియని తప్పుకు ఎవరూ సంజాయిషీ అడగరు.

10. సామాను అలాగే అప్పగించండి.
తడి తాళ్లు చుట్ట చుట్టి కట్టెయ్యండి. టార్చిలైట్లలో బ్యాటరీలు తీయకండి. వాడిన చేతి తొడుగులు కొత్తవాటిలో కలపండి. వచ్చే ఏడాది ఆ పెట్టె తెరిచేసరికి తాళ్లు బూజు పట్టి ఉంటాయి, టార్చిల్లోంచి తెల్లటి పొడి రాలుతుంది. రిపోర్టులో ముందే “సామగ్రి నాణ్యత లోపం” అని ఒక ముక్క రాసి పెట్టుకోండి.

ఈ పదీ తు.చ. తప్పకుండా పాటిస్తే ఇక ఏ దేశంలో భూమి కంపించినా మీ ఫోను మోగదు. జాబితాలోంచి మీ పేరు కొట్టేస్తారు. ఆ ఖాళీలోకి పెట్టె సర్దుకుని, టీకాలు వేయించుకుని, బూట్లు అరగదీసుకుని కాచుక్కూర్చున్నవాణ్ని తీసుకుంటారు. తీసుకోనివ్వండి. చలిలో రాళ్లెత్తేది అతను, దుప్పటి కప్పుకుని పడుకునేది మీరు.