అన్నీ అందాయండీ!

పుట్టింటివారు పంపిన సారె మూట విప్పి, తమ ఇంటి పద్ధతికి నప్పని గిన్నెలను చడీచప్పుడు లేకుండా పెరట్లోకి విసిరేసి, "అన్నీ అందాయండీ, మహా సంతోషం" అని కబురంపే వియ్యపురాలిని మీరు చూడలేదా? విండోస్‌లో ఒక యూనిక్స్ టార్ ఫైలు విప్పండి, దర్శనమవుతుంది.

లినక్స్ కెర్నెల్ సోర్సునే తీసుకోండి. నెట్‌ఫిల్టర్ ఫోల్డరులో 'టీసీపీఎంఎస్ఎస్' పేరుతో రెండు సీ ఫైళ్లుంటాయి. చిన్నక్షరాలది ప్యాకెట్‌లోని ఒక విలువను చూసేది, పెద్దక్షరాలది ఆ విలువను మార్చేది. విండోస్‌వారిది మాత్రం సమదృష్టి. పెద్దా చిన్నా తేడా పాటించరు. "ఈ పేరుతో ఫైలు ఉంది, దాని బదులు దీన్ని పెట్టమంటారా?" అని అడుగుతారు. మూడోసారి అడిగేసరికి విసుగెత్తి "అన్నిటికీ ఎస్" నొక్కేస్తాం. అక్కడితో ఒక ఫైలు ఖతం. పని మాత్రం వంద శాతం పూర్తి!

అదే సోర్సులో, నూవో గ్రాఫిక్స్ డ్రైవరు దగ్గర, 'ఆక్స్.సీ' అని ఒక అమాయకపు ఫైలుంది. విండోస్ 10 దాకా ఆ పేరు నోటెత్తకూడదు. డాస్ రోజుల్లో, అంటే 1981 ప్రాంతంలో, ఆక్స్ అంటే సీరియల్ పోర్టు. ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌కు ఆ పోర్టే లేదు. తాతగారు పోయి నలభై ఏళ్లయినా ఆయన పడక్కుర్చీలో ఎవరూ కూర్చోకూడదన్నమాట.

అతితెలివి సంగతి మరీ ఘోరం. విన్‌జిప్‌లో టార్ ఫైళ్ల కోసమే 'స్మార్ట్' అనే బిరుదుతో ఒక సదుపాయం ఉండేది. లోపల ఉన్నది మామూలు రాత అని దానికి తోస్తే చాలు, ప్రతి లైను చివరా అడక్కుండానే ఒక బైటు తగిలించేది. తోచడం తప్పిందో, ఫైలు గోవిందా. "విప్పేముందు దాన్ని ఆపండి బాబూ" అని సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఇన్‌స్టాల్ సూచనల్లో మొత్తుకునేవారు.

అలాగని యూనిక్స్‌వారు పత్తిత్తులేం కాదు. 1979లో టేపుల కోసం చేసిన పెట్టె ఈ టార్. అందులో ఫైలు పేరుకిచ్చిన చోటు 100 బైట్లు. యూటీఎఫ్-8లో మన అక్షరానికి 3 బైట్లు. గుడి, కొమ్ము, సున్నా, పొల్లు, దేనికది విడిగా మరో 3. ఇంగ్లీషువాడి పేరుకు వంద గళ్లయితే, మనకు ముప్పైమూడు. పొడుగు పేర్లకు తర్వాత దొడ్డిదారులు వేశారు గానీ, అవి అన్ని పనిముట్లకూ తెలియవు. పైగా తెలుగుకు విండోస్ పాత పద్ధతి సిస్టమ్ కోడ్‌పేజీ ఏనాడూ ఇవ్వలేదు. అందుకే పాత పనిముట్టుతో విప్పితే 'తిరుపతి' కాస్తా నెత్తిన గీత పెట్టుకున్న ఇంగ్లీషు 'ఎ'లూ, డిగ్రీ గుర్తులూ అయి కూర్చుంటుంది.

2018 నుంచి విండోస్‌లోనే టార్ కమాండు ఉంది. 2023లో విండోస్ 11 ఎక్స్‌ప్లోరరుకు కూడా టార్ విప్పడం వచ్చింది. సంతోషమే. కెర్నెల్ సోర్సును మాత్రం విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్‌లో, లినక్స్ సొంత డిస్కు మీదే విప్పుకోండి. సీ డ్రైవులో మామూలు ఫోల్డరులో విప్పితే, ఆ రెండు టీసీపీఎంఎస్ఎస్‌లలో ఇవాళ్టికీ మిగిలేది ఒక్కటే.